అద్దె ఇంటికి చెద మందు: ఏది కొట్టించాలి, ఏది దండగ

మాకు ఖమ్మంలో నాలుగు పోర్షన్ల ఇల్లుంది. కింద రెండు, పైన రెండు. మేముండేది హైదరాబాదులో. ఈ పదేళ్లలో చెదల కోసం నేను పెట్టిన ఖర్చులో సగం దండగే అని ఇప్పుడు తెలుస్తోంది. మందు మంచిది కాకపోవడం వల్ల కాదు, సొంత ఇంటికి పనికొచ్చే పద్ధతిని తీసుకెళ్లి అద్దె ఇంట్లో పెట్టాను కాబట్టి. సొంత ఇంట్లో గోడ మీద మట్టి గీత కనబడితే ఆ సాయంత్రానికే పుల్లతో గీకి చూస్తాం. అద్దెకున్నవాళ్లు కూడా చూస్తారు, కానీ పాత ఇల్లు కదా అనుకుంటారు, లేదంటే చెప్తే ఖర్చు మన మీద వేస్తాడేమో ఈ ఓనరు అని ఊరుకుంటారు. మనకు తెలిసేది వాళ్లు ఖాళీ చేసి బీరువా పక్కకు జరిపిన రోజు. అప్పటికి గుమ్మం చెక్క పైకి రంగు, లోపల మట్టి.

అందుకే అద్దె ఇంటికి ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఒక్కటే: రెండేళ్లు ఎవరూ తొంగిచూడకపోయినా ఏది నిలబడుతుంది? అలా నిలబడనిది ఎంచుకుంటే, తొంగిచూసే మనిషికి కూడా డబ్బులు లెక్కేసుకోవాలి.

ముందు అసలు అది చెదేనా అన్నది తేల్చుకోండి, ఎందుకంటే ఇక్కడ పొరపాటు పడితే తర్వాత పెట్టే ప్రతి రూపాయీ వృథా. గోడ మీద, గుమ్మం అంచున, స్కర్టింగు పైన పెన్సిలంత మందంలో మట్టి దారులు కనబడితే అది నేలలోంచి వచ్చే చెద. మన దగ్గర ఎక్కువగా చూసేది ఇదే. దారిని ఒక అంగుళం మేర గీకి రెండు రోజులాగి చూడండి, మళ్లీ పూడ్చుకుని ఉంటే లోపల చెదలు తిరుగుతున్నట్టే. మట్టి ఏమీ లేకుండా చెక్క కింద గసగసాల్లాంటి గట్టి గింజలు రాలి ఉంటే అది ఎండు చెద, దానికి నేలతో పనిలేదు, ఆ చెక్కలోనే పుట్టి అందులోనే బతుకుతుంది. మైదాలాంటి మెత్తటి పొడి, గుండుసూదితో గుచ్చినట్టు గుండ్రటి బెజ్జాలు ఉంటే అది పుచ్చు, అసలు చెదే కాదు. ఈ చివరి రెండింటికీ నేలలో రంధ్రాలు వేసి మందు పోయించడమంటే కాలికి దెబ్బ తగిలితే చేతికి కట్టు కట్టినట్టు. ఆ చెక్కనే చూసుకోవాలి, మందు ఎక్కించడమో తీసి పారేయడమో. కానీ ఫోన్ చేస్తే వచ్చే మనుషుల్లో కొందరు పొడి చూసి కూడా డ్రిల్లింగుకే రేటు చెప్తారు, అందులోనే కదా డబ్బులు.

ఇంకో గుర్తు ఉసిళ్లు. తొలకరి పడ్డ సాయంత్రం లైటు చుట్టూ మూగేవి రెక్కలొచ్చిన చెదలే. అవి బయటి నుంచి లైటుకి వచ్చాయంటే భయపడనక్కర్లేదు, ఊరంతా అంతే. ఇంట్లోపల గుమ్మం సందులోంచో బాత్రూం మూల నుంచో బయటికి వస్తుంటే మాత్రం పుట్ట మన ఇంటి కిందో గోడలోనో ఉన్నట్టు లెక్క.

చాలామంది ఓనర్లు ముందు చేసేది కిరోసినో వాడేసిన ఇంజను ఆయిలో పూయించడం. మా నాన్నగారు కూడా అంతే, గుమ్మాలకి ఏటా నల్ల నూనె పూయించేవారు. తగిలిన పురుగు చస్తుంది, నిజమే. కానీ రాణి చెద ఉండేది నేలలోపల, రోజుకి వేలల్లో గుడ్లు పెడుతూ. పైన వంద చస్తే కింద వెయ్యి తయారవుతాయి, దారి మాత్రం ఇంకో పక్క నుంచి వేసుకుంటాయి. పైగా నల్ల నూనె వాసనకి కొత్తగా ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు ముక్కు మూసుకుని పోతారు. పశువుల కొట్టం గుంజలకి, కంచె కర్రలకి సరే, అద్దెకిచ్చే ఇంటికి వద్దు.

రెండోది, పురుగుమందుల షాపులో క్లోరోపైరిఫాస్ డబ్బా కొని మనమే కొట్టేయడం. ఇది చవక, అందుకే ఊళ్లలో ఎక్కువ. పొలానికి కొట్టే చేత్తోనే ఇంటికీ కొట్టేస్తారు. నా అభిప్రాయం సూటిగా చెప్తా: పిల్లలున్న ఇంట్లో, ముఖ్యంగా వేరేవాళ్ల పిల్లలున్న ఇంట్లో, ఈ పని చేయొద్దు. ఘాటు వాసన వారాలపాటు పోదు, నరాల మీద పనిచేసే మందు, అమెరికాలో ఇళ్లలో దీని వాడకాన్ని 2000 నుంచే దాదాపు మాన్పించేశారు. ఏ బాబుకో దగ్గు పట్టుకుంటే అది మందు వల్ల కాదని మీరు ఏ కాగితంతో చూపిస్తారు?

ఇక అసలు విషయం, డ్రిల్లింగు. గోడా నేలా కలిసే చోట వరసగా రంధ్రాలు వేసి, మందునీళ్లు పోసి, తెల్ల సిమెంటుతో మూసేయడం. కట్టేసిన ఇంటికి నేల చెద వస్తే నా లెక్కలో మొదటి మార్కు దీనికే, ఎందుకంటే ఒకసారి సరిగ్గా చేస్తే కొన్నేళ్లపాటు ఎవరూ చూడకపోయినా పనిచేసేది ఇదొక్కటే. సరిగ్గా చేస్తే అన్నాను, అక్కడే ఉంది కిటుకంతా.

మన దేశంలో దీనికో ప్రమాణం ఉంది, ఐఎస్ 6313, మూడో భాగం కట్టేసిన ఇళ్లకి. అందులో లెక్క గుర్తుపెట్టుకోవడం చాలా తేలిక: రంధ్రం 12 మిల్లీమీటర్లు, రంధ్రానికీ రంధ్రానికీ మధ్య 300 మిల్లీమీటర్లు, ఒక్కో రంధ్రంలో నేల పీల్చుకున్నంత మందు, గరిష్ఠం ఒక లీటరు. అడుగుకో రంధ్రం, రంధ్రానికో లీటరు అనుకోండి. మా కింది పోర్షన్ 900 చదరపు అడుగులు. గోడల వెంట టేపు పెట్టి కొలిస్తే సుమారు 200 అడుగులొచ్చింది. అంటే 200 రంధ్రాలు, 200 లీటర్ల దాకా మందునీళ్లు. ముగ్గుర్ని అడిగితే ఒకాయన 4,000, ఇంకొకాయన 8,500, మూడో ఆయన 14,000 చెప్పారు. నేను మొదటాయనకే ఇచ్చాను, ఎవరైనా అంతే కదా. ఆయన మనుషులు 16 లీటర్ల వీపు పంపు ఒకటి తెచ్చారు, ఒక్కసారి నింపారు, ఇల్లంతా అయిపోయిందన్నారు. 16 లీటర్లని 200 రంధ్రాలకి పంచితే ఒక్కోదానికి 80 మిల్లీలీటర్లు, హోటల్లో ఇచ్చే చిన్న టీ అంత. ఆ లెక్క నేను వేసుకున్నది 14 నెలల తర్వాత, వంటింటి గుమ్మం మళ్లీ తినేశాక.

అప్పుడు వారంటీ కాగితం బయటికి తీశా. ఐదేళ్లు అని పెద్దక్షరాల్లో ఉంది, వెనకాల చిన్నక్షరాల్లో నీళ్ల లీకేజీ ఉంటే వర్తించదని ఉంది. బాత్రూంలో కుళాయి కారుతోంది, అద్దెకున్నవాళ్లు చెప్పలేదు, నేను చూడలేదు. మందు కొట్టినవాళ్లొచ్చి కుళాయి చూపించి వెళ్లిపోయారు. కాబట్టి వారంటీ ఎన్నేళ్లు అన్నదాని కంటే ఎప్పుడు చెల్లదో చదవండి. లీకేజీ, టైల్స్ మార్పు, ఏడాదికోసారి వాళ్ల తనిఖీ జరగకపోవడం, ఈ మూడూ అద్దె ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు జరిగేవే.

ఏ మందు అని అడిగితే, ఇప్పుడు ఎక్కువగా చెప్పేవి ఇమిడాక్లోప్రిడ్, ఫిప్రోనిల్, బైఫెంత్రిన్, ఇంకా పాత క్లోరోపైరిఫాస్. మొదటి రెండూ చెదకి పసిగట్టడం రాని మందులు. అది మందు తగిలిన మట్టిలోంచే నడిచిపోతుంది, ఒళ్లంతా పూసుకుని తోటి చెదలకి అంటిస్తుంది. బైఫెంత్రిన్ అలా కాదు, చెద దాన్ని పసిగట్టి దగ్గరికి రాదు, అంటే గోడ కట్టినట్టు పనిచేస్తుంది, కానీ ఆ గోడలో ఎక్కడైనా ఒక రంధ్రం వదిలేస్తే సరిగ్గా అక్కడ నుంచే వస్తుంది. కళ్ల ముందు నిలబడి చేయించలేని నాలాంటి వాళ్లకి మొదటి రకమే నయం. ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతందైతే లీటరు నీళ్లకి 2.1 మిల్లీలీటర్లు, అంటే మా 200 లీటర్లకి 420 మిల్లీలీటర్లు సరిపోతుంది, వాసన కూడా దాదాపు ఉండదు. 20 శాతం క్లోరోపైరిఫాసైతే ఒక వంతుకి 19 వంతుల నీళ్లు, అదే 200 లీటర్లకి 10 లీటర్ల మందు. ఈ అంకెలు ఎందుకు చెప్తున్నానంటే సీలున్న సీసా మీ ముందు విప్పమని అడగడానికి, ఎన్ని డ్రమ్ములు కలిపారో లెక్కపెట్టడానికి. మీరు వెళ్లలేకపోతే వీడియో కాల్లో చూపించమనండి. బిల్లు మీద మందు పేరు, శాతం, కలిపిన లీటర్లు రాయించుకోండి, రాయనన్నవాడిని అక్కడికక్కడే పంపించేయండి.

ఒక జాగ్రత్త. నీళ్ల సంపు, నుయ్యి పక్కన ఉన్న గోడకి ఈ డ్రిల్లింగు వద్దు. మన పాత ఇళ్లలో సంపు సరిగ్గా వరండా కిందే ఉంటుంది, దాని ఇటుక గోడకి సందులుంటే మందు నేరుగా తాగే నీళ్లలోకి పోతుంది. అలాగే గోడలో నీళ్ల పైపు, కరెంటు పైపు ఎటు పోయాయో పాత ప్లంబర్నో మేస్త్రీనో అడిగి చాక్‌పీసుతో గీయించాకే డ్రిల్లు ముట్టుకోనివ్వాలి.

ఎప్పుడు చేయించాలంటే ఇల్లు ఖాళీ అయిన మర్నాడు. మనవాళ్లు ఎక్కువగా పిల్లల బడి సెలవుల్లోనే ఇళ్లు మారతారు, మే నెలలో నేల కూడా ఎండిపోయి ఉండి మందు బాగా పీలుస్తుంది, వానాకాలంలో తడిసిన నేల పీల్చదు. వరస మాత్రం తప్పొద్దు: ముందు లీకేజీలు, తర్వాత చెద మందు, తర్వాత వడ్రంగి, ఆఖరున రంగులు. మనం చేసేది సరిగ్గా తిరగేసి. టు-లెట్ బోర్డు పెట్టాలన్న తొందరలో ముందు రంగులేయించేస్తాం, మట్టి దారులన్నీ రంగు కింద దాక్కుంటాయి, తర్వాత మందువాడు వచ్చినా ఎక్కడ చూడాలో తెలియదు.

ఇక బెయిటింగు, అంటే ఎర పెట్టడం. ఇంటి చుట్టూ నేలలో చిన్న డబ్బాలు పాతి, చెద వచ్చి పట్టాక అందులో హెక్సాఫ్లుమురాన్ లాంటి మందు కలిపిన తిండి పెడతారు. అది తిన్న చెద కుబుసం విడవలేక చస్తుంది, గూటికి తీసుకుపోయి పంచుతుంది కాబట్టి మొత్తం గూడే పోతుంది. నేలలో డ్రమ్ములకొద్దీ మందు పోయక్కర్లేదు. మా బావమరిది విజయవాడలో ఇదే పెట్టించాడు, వాళ్లింటికి ఆనుకునే నుయ్యి ఉంది కాబట్టి. పనిచేసింది, కానీ నాలుగు నెలలు పట్టింది, ప్రతి నెలా మనిషి వచ్చి డబ్బాలు విప్పి చూడాలి. అద్దె ఇంటికి ఇదొక విధంగా మంచిది, ఎందుకంటే చూసే మనిషి రేటులోనే కలిసి ఉంటాడు. ఇంకో విధంగా తలనొప్పి, ఎందుకంటే అద్దెకున్నవాళ్లు ఆఫీసుకెళ్తే గేటు తీసేవాళ్లుండరు, మూడు నెలలు మనిషి రాలేదంటే ఆ డబ్బాలు చెదలకి మనం పెట్టిన విందు. ఖర్చు కూడా డ్రిల్లింగు కంటే బాగా ఎక్కువే. నుయ్యో సంపో పక్కనే ఉంటే, లేదా రంధ్రాలు వేస్తే గుండె తరుక్కుపోయే పాలరాయి ఉంటేనే దీనివైపు చూడండి.

మందుల మాట పక్కన పెట్టి, తినడానికి ఏమీ లేకుండా చేయడం అనే దారి ఒకటుంది. నాకు వడ్రంగి ఆచారిగారు చెప్పింది ఇదే, ఆయన బేరం పోతుందని తెలిసినా. "అద్దె పోర్షన్‌కి టేకు ఎందుకండీ, బాత్రూం గుమ్మాలు గ్రానైటువి పెట్టించండి" అన్నారు. పాడైన గుమ్మాలు మూడింటిని అలాగే మార్చాను. తలుపులకి డబ్ల్యూపీసీ, అంటే చెక్క పొడీ ప్లాస్టిక్కూ కలిపి చేసిన పలక. వంటింట్లో అరలు పూర్వం లాగే కడప బండ, బయట షట్టర్లు మాత్రమే ప్లైవుడ్. చెక్క పొడిని జిగురుతో అదిమి చేసే ఎండీఎఫ్, పార్టికల్ బోర్డులతో మాడ్యులర్ కిచెన్ చేయిస్తే అద్దె రెండు వేలు ఎక్కువొస్తుందని ఆశపెడతారు, కింది పోర్షన్‌లో మాత్రం పెట్టకండి, తడి తగిలితే ఉబ్బుతుంది, చెద తగిలితే అప్పడమే. ప్లైవుడ్ కొంటే ఐఎస్ 710 ముద్ర ఉన్నది చూడండి, దాన్ని మందులో శుద్ధి చేస్తారు కాబట్టి ఐఎస్ 303 ముద్ర ఉన్న మామూలు ప్లైవుడ్ కంటే ఎక్కువ కాలం తట్టుకుంటుంది. అసలు పట్టదని కాదు. రాతి గుమ్మం పెట్టినా అంతే, రాయిని తినకపోవచ్చు గానీ రాయి వెనకాల సందులోంచి పైకెక్కి అటక మీది అట్టపెట్టెల దాకా వెళ్తుంది. కాబట్టి ఇది డ్రిల్లింగుకి బదులు కాదు, దానికి తోడు.

కొత్తగా కడుతున్నవాళ్లకైతే చర్చే లేదు. పునాది గుంతలకీ ఫ్లోరింగు వేసే ముందు మట్టికీ మందు కొట్టించడం ఇప్పటి డ్రిల్లింగు కంటే చవక, గట్టిది. ఫ్లోరు మట్టికి చదరపు మీటరుకి 5 లీటర్లు లెక్క. దానికంటే ముందు, పునాదిలో సెంట్రింగు చెక్క ముక్కలు, పాత చెట్టు మొద్దులు పూడ్చేయకుండా ఏరించండి. మా స్థలం ఒకప్పుడు మామిడి తోట. మొద్దులు తీయకుండానే మట్టి పోసేశారు. ఇప్పుడు నేను కడుతున్నది ఆ బద్ధకానికి వడ్డీ.

అపార్టుమెంటులో ఫ్లాటు అద్దెకిచ్చినవాళ్లది వేరే కథ. మూడో అంతస్తుకి చెద ఎక్కదనుకుంటారు, బాత్రూం డక్టులోంచి, కరెంటు పైపుల్లోంచి హాయిగా ఎక్కుతుంది. మీ ఫ్లాటులో మాత్రమే మందు కొట్టిస్తే అది పక్క ఫ్లాటుకి వెళ్లి కొన్నాళ్లకి తిరిగొస్తుంది. అసోసియేషన్ మీటింగులో పెట్టి డక్టులు, సెల్లారు, గ్రౌండ్ ఫ్లోరు కలిపి చేయించాలి. ఎవరూ ఒప్పుకోకపోతే మీ గోడ మీద తిరుగుతున్న దారికే అతికించే ఎర డబ్బా పెట్టించడం నయం. ఆ డబ్బా పెట్టే దాకా దారిని చీపురుతో ఊడ్చేయొద్దని అద్దెకున్నవాళ్లకి చెప్పండి, చెద లేకపోతే ఎర తినేదెవరు?

ఖర్చు ఎవరిది అన్న గొడవ గురించి. ఆస్తి బదిలీ చట్టం 1882లో సెక్షన్ 108 చదివితే ఇద్దరికీ పనికొచ్చే మాటలున్నాయి. మామూలు జాగ్రత్తతో చూస్తే కనబడని లోపం ఇంట్లో ఉందని ఓనరుకి తెలిస్తే, అది ముందే చెప్పాలి. ఓనరు చేయాల్సిన రిపేరు నోటీసిచ్చినా సకాలంలో చేయకపోతే అద్దెకున్నవాళ్లు చేయించుకుని వడ్డీతో సహా అద్దెలో పట్టుకోవచ్చు. అలాగే సరైన వేళల్లో ఓనరు వచ్చి ఇల్లు చూసుకోవడానికి వాళ్లు ఒప్పుకోవాలి. అగ్రిమెంటులో వేరేగా రాసుకుంటే ఆ రాతే చెల్లుతుంది, కాబట్టి 11 నెలల కాగితంలో రెండు వాక్యాలు కలపండి: చెద మందు ఖర్చు ఓనరుది, మట్టి గీత కనబడిన వారంలోగా చెప్పాల్సిన బాధ్యత అద్దెకున్నవాళ్లది. ఖర్చు వాళ్ల మీద వేసి డబ్బు మిగిలిందనుకోకండి, అలా రాస్తే ఎవరూ చెప్పరు. మా పై పోర్షన్‌లో ఒక టీచరమ్మ ఉండేవారు, అట్టపెట్టెలో పెట్టిన ఆవిడ సర్టిఫికెట్లు సగం చెద తినేసింది. ఆవిడ మంచితనం వల్ల నన్నేమీ అడగలేదు, కానీ గోడ మీద గీత మూడు నెలల ముందే చూశారట. "మీకెందుకు ఇబ్బందని చెప్పలేదండీ" అన్నారు. నాకు తలెత్తుకోబుద్ధి కాలేదు.

ఆ తర్వాతే ఒక పద్ధతి పెట్టాను. అద్దె ఫోన్‌పేలో పంపే రోజునే సింకు కింద, బాత్రూం గుమ్మం అడుగున, బీరువా వెనక, మూడు ఫోటోలు వాట్సాప్‌లో పంపితే ఆ నెల అద్దెలో 100 తగ్గిస్తాను. నాలుగు పోర్షన్లకి ఏడాదికి 4,800, అదీ అందరూ పంపితే. ఒక్క గుమ్మం మార్పించడానికి నాకు ఇంతకంటే ఎక్కువే అయింది. ముగ్గురు తప్పకుండా పంపుతున్నారు. నాలుగో ఆయన "వంద రూపాయలకి ఫోటోలేంటి సార్" అని నవ్వారు, అందుకని పండక్కి ఊరెళ్లినప్పుడల్లా ముందు ఆ పోర్షన్ తలుపే కొడుతున్నాను.